టీమ్ రేసులో పార్ట్‌నర్ వదిలేసి ముందుకెళ్ళిపోయాడు. ఇక కలిసి తొక్కాలా, వద్దా?

గండిపేట_గేరు
మొన్న హిమాచల్‌లో నాలుగు రోజుల ఎంటీబీ (మౌంటెన్ బైక్) రేసుకి వెళ్ళొచ్చాం. ఇద్దరి టీమ్ కేటగిరీ. నేనూ, ఇంజినీరింగ్ నుంచీ కలిసి తొక్కుతున్న మా ఫ్రెండూ. ఏడు నెలలు ప్రాక్టీసు చేశాం. ఆదివారాలు అనంతగిరి, వారం మధ్యలో తెల్లవారుజామున గండిపేట చుట్టూ మట్టి దారులు. ఇద్దరికీ ఉద్యోగాలు, నాకు మూడేళ్ళ పాప. ఎంత కష్టపడి టైము తెచ్చుకున్నామో మాకే తెలుసు.

మొదటి రెండు రోజులు బ్రహ్మాండంగా వెళ్ళింది. మా కేటగిరీలో ఆరో స్థానం. మూడో రోజు జలోరీ కనుమ ఎక్కుడు. దారిలో ఖనాగ్ ఊరు దాటాక నా కాళ్ళలో ఉన్నట్టుండి బలం పోయింది. మావాడు ముందు మలుపులో ఆగి, వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. నేనూ చెయ్యెత్తి ఊపాను. నేను ఊపింది "ఆగరా" అని. వాడు తిరిగి ఎక్కడం మొదలుపెట్టాడు. మళ్ళీ వాడు నాకు కనపడింది పైనే.

ఓ కిలోమీటరు పోయానో లేదో, పదునైన రాయి తగిలి వెనక టైరు పక్కన చీలింది. టైరులో పోసిన సీలెంట్ ద్రవం తెల్లగా చిమ్ముతోంది కానీ చీలిక పూడట్లేదు. రబ్బరు ప్లగ్ దూర్చాను, నిలవలేదు. ట్యూబూ పంపూ రెండూ వాడి బ్యాగులో ఉన్నాయి. ముప్పావు గంట సైకిల్ నెట్టుకుంటూ నడిచాను. పైగా వాన. చివరికి పుణె నుంచి వచ్చిన ఒకాయన తన ట్యూబు ఇచ్చి, గాలి కూడా ఆయనే కొట్టి పంపాడు. జోత్ (కనుమ) మీదకి చేరేసరికి మావాడు ధాబాలో కూర్చుని టీ తాగుతున్నాడు.

ఇద్దరి మధ్య గ్యాప్ ఎక్కువైందని పెనాల్టీ పడింది. చివరికి పదకొండో స్థానంతో ఇంటికొచ్చాం. ఆ రాత్రి టెంట్‌లో వాడన్న మాట "నువ్వు సరిగ్గా ట్రైన్ అవ్వలేదు." అంతే. వచ్చి మూడు వారాలైంది, మాటల్లేవు. వచ్చే సీజన్ గురించి ఆలోచించాలి. ఇలాంటివాడితో మళ్ళీ టీమ్ కట్టాలా?

చైన్_జారింది
కట్టకు. అయిపోయింది. ఇద్దరి టీమ్‌లో ఒక్కడే పైకెళ్ళి టీ తాగితే దాన్ని టీమ్ అనరు.

మియాపూర్_మట్టిరోడ్డు
ట్యూబు, పంపు రెండూ ఒకే బ్యాగులో ఎందుకు పెట్టారు? నాకు మొదట తట్టింది అదే.

గండిపేట_గేరు
@మియాపూర్_మట్టిరోడ్డు బరువు సగం సగం పంచుకున్నాం. టూల్సు వాడికి, మందులు, బట్టలు, తిండి నాకు. ఇద్దరం మోస్తే డబుల్ బరువు ఎందుకని.

మియాపూర్_మట్టిరోడ్డు
అక్కడే దెబ్బతిన్నారు భయ్యా. ఇద్దరూ కలిసి ఉన్నంతసేపే ఆ లెక్క పనిచేస్తుంది.

హార్స్లీ_హార్డ్‌టెయిల్
మాది మదనపల్లె. ప్రాక్టీసంతా హార్స్లీ హిల్స్ ఘాట్ మీదే. నా అనుభవం చెబుతాను. ఫ్రెండ్‌తో రేసు వేరు, పార్ట్‌నర్‌తో రేసు వేరు. ఫ్రెండ్‌ని మొహమాటం లేకుండా "ఆగరా, నా వల్ల కావట్లేదు" అనలేం, పరువు అడ్డొస్తుంది. కొత్తవాడైతే మొదటి రోజే అనేస్తాం. నేను ఒకసారి మా బావమరిదితో కలిసి ఇద్దరి టీమ్‌గా దిగాను. రెండో రోజుకే మా ఆవిడ దాకా పంచాయితీ వెళ్ళింది. ఇప్పుడు బెంగళూరులో పరిచయమైన ఒకతనితో తొక్కుతున్నాను. రేసు రోజు తప్ప మేం మాట్లాడుకోం. హాయిగా ఉంది.

చైన్_జారింది
బావమరిదితోనా! ధైర్యవంతుడివన్నా.

కేప్‌టౌన్_తెలుగోడు
ఇద్దరి టీమ్ గురించి ఇక్కడ నేను చూసింది రాస్తాను. ఉద్యోగరీత్యా కేప్ టౌన్‌లో ఉంటున్నాను. కేప్ ఎపిక్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 2004లో మొదలైంది. ఏటా మార్చిలో, వెస్టర్న్ కేప్‌లో. ఒక ప్రోలాగ్ (మొదటి రోజు చిన్న రేసు), ఏడు స్టేజీలు, మొత్తం ఎనిమిది రోజులు. ప్రొఫెషనల్స్ దిగే అదే దారిలో, అదే రోజు, నాలాంటి ఆఫీసు ఉద్యోగులు కూడా వందల్లో దిగుతారు. రేసంతా ఇద్దరిద్దరే. అక్కడి ముఖ్యమైన రూలు ఏమిటంటే, దారిలో ఎక్కడైనా సరే, ఇద్దరి మధ్య రెండు నిమిషాలకి మించి గ్యాప్ ఉండకూడదు. దాటితే పెనాల్టీ. ఒకరు మానేస్తే రెండోవాళ్ళు తొక్కుకుంటూ వెళ్ళొచ్చు గానీ టీమ్‌గా ర్యాంకు ఉండదు.

ఒక ఏడాది నేను నీళ్ళ పాయింట్ దగ్గర వాలంటీరుగా చేశాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జంటలు వస్తూనే ఉంటాయి. చూడగా చూడగా, ఏ జంట చివరిదాకా నిలుస్తుందో వాళ్ళు ఆగే తీరులోనే తెలిసిపోయేది. కొందరిలో ఒకరు రెండు సైకిళ్ళూ పట్టుకుంటారు, రెండోవాళ్ళు రెండు బాటిళ్ళూ నింపుతారు. నింపేవాళ్ళు అరటిపండు ఒలిచి పట్టుకునేవాళ్ళ నోటికి అందిస్తారు. మాటల్లేకుండానే నలభై సెకన్లలో పనైపోతుంది. ఇంకొందరు వస్తారు. ముందొచ్చినవాడు తన బాటిల్ నింపుకుని, తన అరటిపండు తిని, పెడల్ మీద కాలేసి రోడ్డు వంక చూస్తుంటాడు. వెనకాలవాడు అప్పుడే వస్తాడు. వాడికి తాగే టైముండదు, తినే టైముండదు. ముందువాడికి రెస్టు దొరికింది, వెనకవాడికి దొరకలేదు. ఇక రోజంతా ఆ గ్యాప్ పెరుగుతూనే ఉంటుంది.

కైలాసగిరి_అక్క
@కేప్‌టౌన్_తెలుగోడు ఆఖరు మాట అక్షరాలా నిజం. బలమున్నవాళ్ళు ఆగి ఎదురుచూస్తారు, బలం లేనివాళ్ళు చేరగానే బయల్దేరతారు. అలసిపోయినవాళ్ళకి ఒక్క నిమిషం కూడా విశ్రాంతి ఉండదు. మా ఆయనతో నేను మిక్స్‌డ్ కేటగిరీలో మొదటిసారి తొక్కినప్పుడు సరిగ్గా ఇదే. మూడోసారి ఆయన అలా బయల్దేరబోతే సైకిల్ దిగి రోడ్డు పక్కన కూర్చున్నాను. "నేను ఐదు నిమిషాలు కూర్చుంటా, కావాలంటే నువ్వెళ్ళు" అన్నాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒకటే రూలు. వెనకొచ్చినవాళ్ళు "పద" అంటేనే బండి కదలాలి.

వికారాబాద్_మాస్టారు
గండిపేట తమ్ముడూ, కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ఇరవై ఏళ్ళ క్రితం ఈ కొండల్లో గేర్లు లేని సైకిల్ తొక్కాను, ఇప్పుడు గేర్ల సైకిల్ తొక్కుతున్నాను. అనంతగిరి గుడి వెనక దారుల్లో చాలా టీములు ప్రాక్టీసు చేయగా చూశాను. బహుశా మిమ్మల్నీ చూసే ఉంటాను. అందరూ చేసే తప్పు ఒకటే. ఇద్దరూ కలిసి వస్తారు, కలిసి బయల్దేరతారు, ఎక్కుడు రాగానే ఎవరి స్పీడులో వాళ్ళు ఎక్కి, పైన కలుసుకుంటారు. ఏడు నెలలూ అదే. అది ఇద్దరు మనుషులు ఒకే చోట చేసిన ప్రాక్టీసు, టీమ్ ప్రాక్టీసు కాదు. అనంతగిరిలో పైన ఐదు నిమిషాలు ఆగితే సరిపోతుంది. ఇక్కడ ఎక్కుడంతా కలిపితే ఎంత? జలోరీ 3,100 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. ఇక్కడ ఐదు నిమిషాలైన తేడా అక్కడ అరగంట అవుతుంది.

ఎక్కుడులో బలమైనవాడు వెనక ఉండాలి. ముందున్నవాడి స్పీడే టీమ్ స్పీడు. వెనక నుంచి చూస్తే భుజాలు ఊగుతున్నాయా, తల వాలిపోతోందా, చక్రం అటూ ఇటూ పోతోందా అన్నీ కనిపిస్తాయి. ముందుంటే నీకు నీ శ్వాసే వినిపిస్తుంది.

హార్స్లీ_హార్డ్‌టెయిల్
మాస్టారూ, దీనికి మాత్రం నేను ఒప్పుకోను. నాకైతే ముందు ఒక చక్రం కనపడాలి. దాన్నే చూసుకుంటూ ఎక్కుతాను. ముందు ఖాళీ రోడ్డుంటే నా వల్ల కాదు.

కైలాసగిరి_అక్క
ఇద్దరిదీ కరెక్టే. చదునులో, ఎదురుగాలిలో బలమైనవాళ్ళు ముందు. అక్కడ గాలి కాస్తారు కాబట్టి వెనకవాళ్ళకి నిజంగానే శ్రమ తగ్గుతుంది. నిట్టనిలువు ఎక్కుడులో గంటకి ఏడెనిమిది కిలోమీటర్లు పోతుంటే గాలి కాచేదేం ఉండదు, ముందున్నా ఉపయోగం లేదు. పక్కన గానీ వెనక గానీ ఉండి మాట్లాడుతుంటే చాలు. అన్నిటికన్నా ఘోరం పక్కనే ఉంటూ సగం చక్రం ముందుండటం. మా ఆయనకి ఆ అలవాటుండేది. నేను అందుకుంటే ఆయన తెలియకుండానే ఇంకొంచెం నొక్కేవాడు. రెండు గంటలు అలా వెళ్తే నేను ఖాళీ.

చైన్_జారింది
సగం చక్రం ముందుండేవాళ్ళని నేను ఆఫీసు మీటింగుల్లో కూడా చూశాను.

డాక్టర్_రెండుచక్రాలు
అందరూ పార్ట్‌నర్ గురించే రాస్తున్నారు. నాకు వేరే సందేహం ఉంది. @గండిపేట_గేరు "ఉన్నట్టుండి కాళ్ళలో బలం పోయింది" అన్నారు కదా. ఆ రోజు పొద్దుటి నుంచి అప్పటిదాకా ఏం తిన్నారో గుర్తుందా? ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

గండిపేట_గేరు
పొద్దున ఒక పరాఠా, టీ. దారిలో మూడు జెల్సు (చిన్న ప్యాకెట్లలో వచ్చే తీపి గుజ్జు). అప్పటికి దాదాపు ఐదు గంటలైంది. ఆకలి లేదండీ, తినాలనిపించలేదు. తిండి నా బ్యాగులోనే ఉంది, తియ్యలేదంతే.

డాక్టర్_రెండుచక్రాలు
నేను అనుకున్నదే. ఒక జెల్‌లో సుమారు 25 గ్రాముల కార్బోహైడ్రేట్ ఉంటుంది. మూడు కలిపి 75. ఐదు గంటలకి పంచితే గంటకి 15 గ్రాములు. ఇంత పొడుగు రేసులో గంటకి కనీసం 60 గ్రాములు కావాలి. అలవాటు చేసుకున్నవాళ్ళు 90 దాకా తీసుకుంటారు. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్, అంటే పిండిపదార్థం నిల్వ, గట్టిగా తొక్కితే రెండు గంటలకి అడుగంటుతుంది. ముందు రెండు రోజులు తొక్కి ఉన్నారు, పూర్తిగా నిండి కూడా ఉండదు. అది అయిపోతే మీరు ఏడు నెలలు కాదు, ఏడేళ్ళు ట్రైన్ అయినా కాళ్ళు కదలవు. కాబట్టి "సరిగ్గా ట్రైన్ అవ్వలేదు" అన్న మాట తప్పు. అదే సమయంలో, పార్ట్‌నర్ వదిలేయడం వల్లే మీరు పడిపోయారన్నదీ తప్పే. ఆయన ఆ మలుపులో చెయ్యి ఊపక ముందే మీకు ఇంధనం అయిపోయింది.

ఆకలి లేకపోవడానికి కారణం ఎత్తు. హైదరాబాద్ ఐదు వందల మీటర్ల పైన ఉంది. 3,000 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే 70 శాతమే. ఆకలి చచ్చిపోతుంది, దాహం తెలియదు. అందుకే అక్కడ ఆకలిని నమ్ముకోకూడదు, గడియారాన్ని నమ్ముకోవాలి. ప్రతి ఇరవై నిమిషాలకి వాచీ మోగేలా పెట్టుకోండి, మోగగానే నోట్లో ఏదో ఒకటి పడాలి.

ఇంకో మాట. ఎత్తుకి వెళ్ళాక తలనొప్పితో పాటు వాంతులు, నడక తడబడటం లాంటివి కనపడితే అది నీరసం కాదు. రేసూ గీసూ పక్కన పెట్టి కిందికి దిగిపోవాలి. అప్పుడు పార్ట్‌నర్ పక్కన ఉండటం ర్యాంకు కోసం కాదు, ప్రాణం కోసం. మూడు వేల మీటర్ల కొండ మీద ఇద్దరూ విడిపోవడం నాకు భయం వేసేది అందుకే.

కైలాసగిరి_అక్క
జెల్సు నోట్లో పెట్టుకోలేనివాళ్ళకి నా మందు మామిడి తాండ్ర. వేలెడంత ముక్కలు కోసి, బటర్ పేపర్లో విడివిడిగా చుట్టి ముందు జేబులో పెట్టుకుంటాను. చలికి గట్టిపడుతుంది కానీ నోట్లో కరుగుతుంది. పల్లీ పట్టీ మంచిదే గానీ చలిలో రాయిలా అవుతుంది, ఎక్కుడులో రొప్పుతూ నమలలేం. తీపి మొహం మొత్తితే ఉప్పేసి ఉడకబెట్టిన చిన్న బంగాళాదుంపలు. గింజ తీసిన ఖర్జూరాలు. గింజ ముందే తీసెయ్యాలి, మర్చిపోవద్దు.

మియాపూర్_మట్టిరోడ్డు
ఒకాయన జెర్సీ జేబులో పూతరేకులు పెట్టుకొచ్చాడు మా రేసుకి. మొదటి దిగుడు అయ్యేసరికి జేబు నిండా తీపి పిండి. పాపం చెంచా అడిగాడు.

ఎడారి_పెడల్
ఫీనిక్స్ నుంచి. గండిపేట బ్రో, మీ ఇద్దరి స్పీడులో అంత తేడా ఉంటే ఫార్మాట్ మార్చి చూడండి. అమెరికాలో 24 గంటల రిలే రేసులుంటాయి. 1992లో వెస్ట్ వర్జీనియాలో కెనాన్ దగ్గర మొదలైన పద్ధతి ఇది. బయల్దేరిన చోటికే తిరిగొచ్చే ఒకే లూపు, 24 గంటలు. నలుగురి టీమ్‌లో ఒక్కో లూపు ఒక్కొక్కరు వేస్తారు, వచ్చి బ్యాటన్ చేతికిస్తారు. ఎవరి లూపు వాళ్ళ స్పీడులో. ఎవరూ ఎవరి కోసం కొండ మీద ఆగక్కర్లేదు.

మేం నలుగురం తెలుగువాళ్ళం, అందరం సాఫ్ట్‌వేరే, అరిజోనాలో 24 అవర్స్ ఇన్ ద ఓల్డ్ ప్యూబ్లోలో దిగాం. ఫిబ్రవరిలో, టూసాన్‌కి ఉత్తరాన ఎడారిలో జరుగుతుంది. మొదలే వింతగా ఉంటుంది. సైకిళ్ళు దూరంగా పెట్టి, అందరూ షూస్‌తో పరుగెత్తుకెళ్ళి ఎక్కాలి. పగలు ఎండ మాడుస్తుంది, రాత్రి నీళ్ళ బాటిల్లో మంచు కడుతుంది. దారికి అటూ ఇటూ చోయా అనే కాక్టస్. చెయ్యి తగిలితే ముళ్ళ ముద్ద మొత్తం ఊడొచ్చి చర్మానికి అంటుకుంటుంది. చేత్తో లాగితే ఆ చేతికి అంటుకుంటుంది. అందుకని అందరూ జేబులో దువ్వెన పెట్టుకుంటారు. దువ్వెన పళ్ళు కిందికి దూర్చి ఒక్క విదిలింపు విదిలించాలి. మావాడికి రాత్రి రెండింటికి మోచేతికి అంటుకుంది. హెడ్‌లైట్ వెలుగులో దువ్వెనతో తీస్తుంటే, పల్లెటూళ్ళో అమ్మమ్మ తల దువ్వినట్టుంది.

మొదటి ఏడాది మేం చేసిన తప్పు రాత్రి కూడా ఒక్కొక్క లూపే వేయడం. లూపుకి గంటా పావు అనుకోండి. మిగతా ముగ్గురూ తిరిగొచ్చేసరికి మీకు 3 గంటల 45 నిమిషాలు మిగులుతాయి. అందులో బట్టలు మార్చుకోవడం, తినడం, మళ్ళీ రెడీ అవ్వడం పోతే నిద్ర గంటన్నర. రెండో ఏడాది రాత్రి పూట ఒక్కొక్కరం రెండు లూపులు వరసగా వేశాం. ఏడున్నర గంటల గ్యాప్ వచ్చింది. హాయిగా నిద్రపోయి, పొద్దున్నే పులిహోర తిని దిగాం.

హార్స్లీ_హార్డ్‌టెయిల్
ముళ్ళంటే గుర్తొచ్చింది. అక్కడ టైర్లకి పంక్చర్లు ఎక్కువేనా? మాకైతే సర్కారు తుమ్మ ముల్లు ప్రాణం తీస్తుంది.

ఎడారి_పెడల్
ఇక్కడ గోట్‌హెడ్ అంటారు. మొదటిసారి టైర్లోంచి పీకి చేతిలో పెట్టుకుని చూస్తే మన పల్లేరు కాయ! అదే మొక్క. చిన్నప్పుడు మా పొలం గట్ల మీద చెప్పుల్లేకుండా నడిచి ఎన్ని గుచ్చుకున్నాయో. ఏడు సముద్రాలు దాటొస్తే ఇక్కడా అదే పల్లేరు. సీలెంట్ నిండుగా ఉంటే ఏమీ కాదు. ముల్లు లాగగానే చక్రం తిప్పితే పూడిపోతుంది. గండిపేట బ్రోకి అయినట్టు పక్కన చీలితే మాత్రం సీలెంట్ పనిచేయదు. ట్యూబే గతి.

వికారాబాద్_మాస్టారు
రిలే మంచిదే. కానీ ఈ తమ్ముడు అడిగింది అది కాదు. ఫార్మాట్ మారిస్తే స్పీడు తేడా సమస్య పోతుంది, వీళ్ళ మధ్య సమస్య పోదు.

సెకండ్_బాటిల్
ఆ పార్ట్‌నర్ నేనే. మూడు రోజులుగా చదువుతున్నాను. ఈ రోజే అకౌంట్ తెరిచాను.

మలుపులో చెయ్యి ఊపింది "బాగానే ఉన్నావా" అని. వాడు చెయ్యెత్తి ఊపాడు. బాగానే ఉన్నానంటున్నాడు, వచ్చేస్తాడులే అనుకున్నాను. అక్కణ్ణుంచి ఆగకపోవడం నా తప్పే. వెనక్కి తిరిగి చూడాల్సింది. ముందు ఒక టీమ్ కనపడుతోంది, వాళ్ళని పట్టుకుంటే ఐదో స్థానం. నా కళ్ళు దాని మీదే ఉన్నాయి. దానికి సాకులు చెప్పను.

కానీ టీ సంగతి రాయాలి. పైకి చేరేసరికి వాన, వడగళ్ళు. ఒళ్ళంతా తడిసి ఉంది. నా రెయిన్ జాకెట్ ఎక్కడుంది? వాడి బ్యాగులో. బట్టలు వాడికి, టూల్సు నాకు అని పంచుకున్నాం కదా. గుడి పక్కన పావుగంట నిలబడ్డాను. వేళ్ళు బ్రేక్ లివర్ మీద బిగుసుకుపోయాయి, విప్పుకోవడం చేతకాలేదు. మాట కూడా తడబడుతోంది. ధాబా ఆయన నన్ను చూసి లోపలికి లాక్కెళ్ళాడు. పొయ్యి పక్కన కూర్చోబెట్టి, భుజాల మీద కంబళి కప్పి, టీ గ్లాసు నా రెండు చేతుల మధ్య పెట్టాడు. పట్టుకోలేకపోతే ఆయనే పట్టుకుని తాగించాడు. కింద ఒకతను ఆగిపోయాడు, చూడండని రేసు మార్షల్‌కి చెప్పమని ఆయన్నే బతిమాలాను. వాడు వచ్చినప్పుడు చూసింది నా రెండో గ్లాసు.

టెంట్‌లో ట్రైన్ అవ్వలేదన్న మాట అనకుండా ఉండాల్సింది. డాక్టర్ గారి లెక్క చదివాక సిగ్గేసింది. వాడు తినట్లేదని నాకు రెండో రోజే తెలుసు. తిను అని ఒకసారి అన్నాను, రెండోసారి అనలేదు.

మియాపూర్_మట్టిరోడ్డు
అయ్యో.

డాక్టర్_రెండుచక్రాలు
వేళ్ళు విప్పలేకపోవడం, మాట తడబడటం. అవి శరీరం ఉష్ణోగ్రత పడిపోతున్న గుర్తులు. ఆ ధాబా ఆయన చాలా పెద్ద పని చేశాడు. పొడి దుప్పటి, వేడి, తీపి టీ, అన్నీ సరిగ్గా చేశాడు.

చైన్_జారింది
మొదట రాసింది వెనక్కి తీసుకుంటున్నాను. టీమ్ అనరు అన్న మాట.

గండిపేట_గేరు
జాకెట్ సంగతి నాకు ఇప్పటిదాకా తట్టనేలేదు. నా బ్యాగులో అడుగున ఉంది, మడత కూడా విప్పలేదు. పైకొచ్చాక నేను నా జాకెట్ వేసుకుని దిగాను. నీది ఇవ్వాలని కూడా అనిపించలేదు, అంత కోపంలో ఉన్నాను. నువ్వు కంబళి తీసి ఆయనకిచ్చి తడి జెర్సీతోనే దిగావు. నేను చూశాను కూడా.

నా దగ్గర నీ జాకెట్, నీ దగ్గర నా ట్యూబు.

సెకండ్_బాటిల్
పాప ఎలా ఉందిరా?

గండిపేట_గేరు
బాగుంది. నువ్వు కొన్న గంట దాని ట్రైసైకిల్‌కి పెట్టాను. ఇల్లంతా మోగిస్తోంది.

కైలాసగిరి_అక్క
ఇద్దరూ చల్లగా ఉండండి. ఇప్పుడు పని మాట చెబుతాను. బరువు పంచుకోవడంలో ఒక గీత గీసుకోండి. ప్రాణానికి, బండికి సంబంధించినది ఎవరిది వాళ్ళ దగ్గరే. జాకెట్, ట్యూబు, పంపు, చైన్ లింకు, ప్లగ్గులు, సగం రోజు తిండి. ఎన్ని గ్రాములు పెరిగినా సరే. మిగతాది బలమైనవాళ్ళు మోయండి. అదనపు నీళ్ళు, ఫస్ట్ ఎయిడ్, కెమెరా. రెండు లీటర్ల నీళ్ళంటే రెండు కిలోలు. అవి ఒకరి వీపు మీద నుంచి ఇంకొకరి మీదకి మారితే ఎక్కుడులో తేడా తెలుస్తుంది. ఇద్దరి స్పీడు దగ్గరవుతుంది. బరువు సగం సగం పంచుకోవడం న్యాయంలా కనిపిస్తుంది గానీ, బలం సగం సగం లేనప్పుడు అది న్యాయం కాదు.

హార్స్లీ_హార్డ్‌టెయిల్
హ్యాంగర్ కూడా రాయక్కా. గేర్లు మార్చే డిరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే ఆ ముక్క, డిరైలర్ హ్యాంగర్, ఒక్కో సైకిల్ మోడల్‌కి ఒక్కోటి ఉంటుంది, ఒకరిది ఇంకొకరికి పట్టదు. రాయి తగిలి వంగిందంటే గేర్లు పోయినట్టే. కొండ మీద ఏ షాపులోనూ దొరకదు. నేను సీటు కింద టేపుతో చుట్టి పెట్టుకుంటాను.

కేప్‌టౌన్_తెలుగోడు
చేతి సైగలు కూడా ముందే మాట్లాడుకోండి. ఇక్కడ చాలా జంటలు హెల్మెట్ మీద రెండు సార్లు తట్టుకుంటారు, బాగున్నానని. చెయ్యి పైకెత్తితే ఆగమని. మీ మలుపు కథ చదివాక అదెంత అవసరమో తెలిసింది. వంద మీటర్ల దూరం నుంచి ఊపే చెయ్యి అన్ని అర్థాలూ ఇస్తుంది.

ఎడారి_పెడల్
మీరిద్దరూ ఎప్పుడైనా ఇటొస్తే మా టీమ్‌లో చోటుంది. దువ్వెన నాదే ఇస్తా.

వికారాబాద్_మాస్టారు
సరే, నా మాట. ఈ ఆదివారం ఇద్దరూ రండి. నా దగ్గర స్టాప్‌వాచీ ఉంది. గుడి దగ్గర నుంచి లోపలి దారిలో మూడు లూపులు. రెండు నిమిషాల రూలు, కేప్‌లో ఉన్నట్టే. ప్రతి ఎక్కుడు పైన నేను నిలబడి చూస్తాను. గ్యాప్ దాటితే ఆ లూపు లెక్కలోకి రాదు, మళ్ళీ వేయాలి. చిన్నవాడు ముందు, పెద్దవాడు వెనక. ఎవరు చిన్నో ఎవరు పెద్దో కాళ్ళని అడగండి, నన్ను కాదు. ప్రతి ఇరవై నిమిషాలకి తినాలి. తినకపోతే నేనే ఆపి తినిపిస్తా.

సెకండ్_బాటిల్
మాస్టారూ, నేను వస్తాను. వాడి ఇష్టం.

గండిపేట_గేరు
ఎన్నింటికి?

వికారాబాద్_మాస్టారు
ఐదున్నరకి వికారాబాద్ స్టేషన్ ముందు. చీకటి ఉంటుంది, లైట్లు తెచ్చుకోండి. ఇడ్లీ నేను తెస్తాను.

గండిపేట_గేరు
@సెకండ్_బాటిల్ నాలుగింటికల్లా మీ ఇంటి కింద ఉంటాను. కారు మీద రెండు సైకిళ్ళూ పడతాయి. జాకెట్ ముందు సీట్లో పెట్టాను, తీసుకో. నా ట్యూబు నేను కొనుక్కున్నాను.

సెకండ్_బాటిల్
నీ పాత ట్యూబు నా దగ్గరే ఉండనీ. ఒకటి ఎక్కువైనా పర్లేదు.

హార్స్లీ_హార్డ్‌టెయిల్
మూడు లూపుల టైములు ఇక్కడే రాయండి. ఇంకో ప్రశ్న, పాత అల్యూమినియం ఫ్రేముకి హ్యాంగర్ హైదరాబాద్‌లో ఎక్కడ చేయించుకోవచ్చు? నాది నిన్న వంగింది.

మియాపూర్_మట్టిరోడ్డు
@హార్స్లీ_హార్డ్‌టెయిల్ పాతది పారేయకండి, ఆ వంగినదే పట్టుకుని రండి. కొలతలు దానితోనే తీస్తారు. బోల్టులు ఎక్కడున్నాయో కనపడేలా ఫొటో పెట్టండి, చూసి చెబుతా.